సాలీళ్ల సంఘజీవనము



ఈ సాయంకాలము సాలీటిని గుఱించి నాలుగు మాటలు చెప్పవలెనని వచ్చితిని. రచ్చకట్టమీద కూర్చుండి వానలను గుఱించియు, ధరలను గుఱించియు ఆలోచించు పెద్దలకు ఇంత చిన్న పురుగు ముచ్చట యేల యని కొందఱు నవ్వుకొనవచ్చును. కాని సాలీడు మనకు క్రొత్తది గాదు. మన పూర్వులు దానిని తక్కువగా చూచినవారును గారు. శ్రీకాళహస్తి యను పేరునందు మొదట నిలిచినది సాలీడే. 'శ్రీ' యనగా సాలీడు, 'కాళ' మనగా సర్పము, 'హస్తి' యనగా ఏనుగు. ఈ మూడును శివుని గొలిచి ముక్తి నొందినవని స్థలపురాణము చెప్పుచున్నది. అందు అగ్రస్థానము ఏనుగునకు గాక దారము వడకు పురుగునకే లభించినది. పరబ్రహ్మమునుండి జగత్తు పుట్టు విధమును చెప్పవలసి వచ్చినపుడు ముండకోపనిషత్తు ఊర్ణనాభిని, అనగా సాలీటిని, ఉపమానముగా గైకొన్నది. మన తెలుగువారు మగ్గము నేయు సాలెల పేరునే దానికి పెట్టినారు.

ఇంత గౌరవ మిచ్చియు మన మందఱము దానిని ఒంటరి ప్రాణిగానే యెఱుగుదుము. అది చాలవఱకు నిజము. ఇప్పటికి లోకమున పేరు పెట్టబడిన సాలీటి జాతులు 50,000 పైగా నున్నవి. వానిలో దాదాపుగా అన్నియు ఒంటికాపురములే. ఒకదాని గూటిలోనికి మఱియొకటి వచ్చినచో పోరు, లేదా భోజనము, చుట్టఱికము లేదు. అయినను పుట్టినది మొదలు చచ్చువఱకు కలసి యొకే గూట బ్రతుకు జాతులు సుమారు ఇరువదిమాత్రము కలవు. ఆ కొద్దిపాటి జాతులలో నొకటి మన రాయలసీమ మెట్టనేలలలోని ముండ్లకంచెలమీద కాపురముండుట విశేషము. దానిని చూడనివారు మీలో నుండరు. చూచియు బూజని యనుకొని కఱ్ఱతో దులిపివేసినవారే యెక్కువ.

దాని గుర్తులు చెప్పెదను. ఱేగుపొదలోనో, తుమ్మకొమ్మమీదనో, జెముడుకంచెలోనో బూడిదవన్నె పాతగుడ్డను ముద్దచుట్టి యిఱికించినట్లు ఒక గూడు కనబడును. కొన్ని పిడికెడంత, కొన్ని తలకాయంత యుండును. దానిలో ఎండుటాకులు, మిడుతకాళ్లు, పేడపురుగుల పెంకులు, ఱెక్కలు కలసి అల్లుకొని యుండును. గూటికి అక్కడక్కడ రంధ్రములుండును. ఆ రంధ్రములనుండి నలుదిక్కులకు కొమ్మకొమ్మకును పలుచని తెరలవంటి వలలు పఱచుకొని యుండును. పగటివేళ చూచినచో అందు ప్రాణి యున్నట్లే తోపదు. ప్రొద్దు గ్రుంకిన తరువాత అచటికి పోయి దూరమున నిలిచి చూడుడు. వేలిగోరంతలేసి బూడిదరంగు సాలీళ్లు ఒకటి వెంబడి నొకటి బయటికి వచ్చి, పగలు తెగిన పోగులను సవరించుకొనుచుండును. ఒక్కొక్క గూటిలో పదులు మొదలు వందలవఱకు నుండును.

ఈ జాతికి 1892లో కార్ష్ అను జర్మను పండితుడు స్టెగోడైఫస్ సరసినోరమ్ అని శాస్త్రనామము పెట్టెను. 1905లో జంబునాథన్ అను మన దేశీయుడే దీని నడవడికను, జీవితచరిత్రను పరిశీలించి వ్రాయగా, అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థవారు తమ ప్రచురణములలో దానిని అచ్చొత్తించిరి. అట్లు నూఱేండ్లకు పూర్వమే మన కంచెమీది పురుగు సముద్రములు దాటి పేరు గాంచినది.

ఈ సాలీడు నేయు దారము తోటలలో చక్రమువలె గూడు కట్టు సాలీటి దారమువంటిది గాదు. ఆ దారమునకు జిగురు బొట్లుండును. దీనికి జిగురు లేదు. పొట్ట క్రింద జల్లెడవంటి యొక పలకనుండి వచ్చు మిక్కిలి సన్నని పోగులను వెనుకకాలి దువ్వెనతో దువ్వి, ఏకిన ఉన్నివలె నూగుగా జేసి వలమీద పఱచును. పురుగు కాళ్లమీది ముండ్లును వెండ్రుకలును ఆ నూగులో చిక్కుకొనును. గొంగడిమీద పల్లేరుకాయ పట్టుకొన్నట్లే యనుకొనుడు. పెనుగులాడినకొలది చిక్కు బిగియును.

ఒంటరి సాలీడు తనకంటె చాల పెద్ద పురుగు వలలో పడినచో జంకును. ఇచట అట్లు గాదు. మిడుత పడి గింజుకొనగానే ఆ కదలిక దారముల వెంట గూటిలోనికి ప్రాకును. నాలుగైదు సాలీళ్లు పరుగున వచ్చి ఒకటి కాలు, ఒకటి మీసము, ఒకటి ఱెక్క పట్టుకొనును. అన్నియు కలసి దానిని లొంగదీసి, కలసియే తినును. పోరాడినవి నాలుగే యైనను, రానివియు వచ్చి పంక్తిలో కూర్చుండును. ఈ గూటిలో రాజు లేడు, రాణి లేదు. తేనెపట్టునందును పుట్టయందును ఉన్నట్లు పుట్టుకతోనే పనివారను వేఱు తెగయు లేదు.

అయినచో పని యెవరు చేయుదురు, కూర్చుండి తినువా రెవరు? ఊళ్లలో సంఘములు నడపిన మీకు ఈ ప్రశ్న క్రొత్తది గాదు. శాస్త్రజ్ఞులును దీనినే యడిగిరి. మన చిత్తూరు జిల్లాలోని కుప్పము ప్రాంతమునకు డెన్మార్కు దేశపు ఆర్హస్ విశ్వవిద్యాలయమువారు వచ్చి ఈ గూళ్లను పరిశీలించి 2013లో తమ ఫలితములను ప్రకటించిరి. ఒకే గూటివైనను అన్నియు ఒకే స్వభావము గలవి గావనియు, కొన్ని ధైర్యము గలవి, కొన్ని పిఱికివి యనియు, ఎఱమీదికి ఉఱుకుటకును ఈ స్వభావమునకును సంబంధ మున్నదనియు వారు తెలిపిరి. తిరువనంతపురమునందలి పరిశోధకులు 2015లో మఱియొక సంగతి కనుగొనిరి. వేటకు ముందుకు పోవునవి చాలకాలమువఱకు అవియే పోవుచుండునట. కాని వల బాగుచేయు పనిలో మాత్రము అట్టి నియమము కనబడలేదు. అనగా సాహసము కొందఱిది, మరమ్మతు ఎవరికి పట్టిన వారిది. చెఱువు పూడిక తీయు పనిలో మన యూళ్లలో జరుగునది దీనికి చాల దూరము గాదని నాకు తోచినది.

ఇక పిల్లల పెంపకము. తల్లులు గ్రుడ్లసంచులను గూటిలో దాచి కాపాడును. పిల్లలు బయటికి రాగానే, తాము తిని జీర్ణించుకొన్న ఆహారమును నోటితో మరల వానికి అందించును. తన పిల్లలు, పరుల పిల్లలు అను భేదము లేదు. చివరకు తల్లి శరీరములోని సారమంతయు కరగి ద్రవమగును. అపుడు పిల్లలు తల్లినే పీల్చి పెరుగును. తల్లి కదలక పడియుండును. ఆఫ్రికా ఖండములో దీని జ్ఞాతియగు నొక జాతియందు గ్రుడ్లు పెట్టని ఆడవియు ఇట్లే తోడివాని పిల్లలకు ఆహారమై పోవునని 2017లో రుజువైనది. వినుటకు ఒడలు జలదరించును. కాని దీనిని క్రౌర్యమనుటకు నాకు నోరు రాదు. కరవు సంవత్సరములలో బిడ్డల కంచములో వడ్డించి తాను కుండ కడుగు నీళ్లు త్రాగి పండుకొన్న తల్లులను ఎఱిగిన సీమ మనది.

ఇంతవఱకు విని, కలసి బ్రతుకుట యెంత మేలో సాలీడు నేర్పుచున్నదని నేను ముగించెదనని మీరనుకొనవచ్చును. అది సగము మాట. కలిమికి ఖరీదు గలదు. మొదటి ఖరీదు తిండి. గూటిలో తలలు పెరిగినకొలది పెద్ద పురుగు దొరకును గాని తలకు వచ్చు పాలు తగ్గును. కావున పురుగులు సమృద్ధిగా లేనిచోట ఈ సంఘములు నిలువవు. కంచెలో ఆకు, పూవు, తీగ ఉన్నపుడే ఆ పురుగులుండును.

రెండవ ఖరీదు ఇంతకంటె పెద్దది. ఈ సాలీళ్లు పెండ్లికి గూడు దాటవు. ఒకే గూట పుట్టిన అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లే జతపడుదురు. తరతరములుగా ఇట్లే జరుగుటచే గూటిలోని ప్రాణులన్నియు ఒకే అచ్చున పోసినట్లు రక్తమున భేదము లేనివై పోయినవి. ఒక రోగమో, ఒక విపరీతమైన వేసవియో వచ్చినచో, ఒకదానిని చంపగలిగినది అన్నిటిని చంపగలుగును. ఏండ్ల తరబడి నిలిచిన గూడు ఒక్క ఋతువులో ఖాళీ యగును. మేనఱికములు ఎక్కువగా జరుగు మన సీమలో పెద్దలు ఈ సంగతిని ఒకమాఱు మనసున పెట్టుకొనుట మంచిది. వైద్యులును చిరకాలముగా చెప్పుచున్నది ఇదియే: మఱి మఱి దగ్గఱి సంబంధములు చేసినకొలది పుట్టు బిడ్డలకు కొన్ని వంశపారంపర్య రోగముల భయము హెచ్చును.

ఇట్టి బలమును, ఇట్టి బలహీనతయు గల సంఘము మన కంచెమీద నున్నది. ఇపుడు ఆ కంచె సంగతి చెప్పవలయును.

మా తాతగారి మెట్టచేనికి మూడు ప్రక్కల జెముడును, ఱేగును, బలుసును కలసి దట్టముగా పెరిగిన కంచె యుండెడిది. నిలువెత్తు, బండి వెడల్పు. చిన్ననాడు బలుసుపండ్లకై అందు దూఱి చేతులు గీఱుకొన్నవాడను. పొలము నా చేతికి వచ్చిన తరువాత, అంత నేల వృథాగా పోవుచున్నదని లెక్క గట్టి, ఆ కంచెను త్రవ్వించి తగులబెట్టించి, రాతికూసములు నాటించి ఇనుపతీగ లాగించితిని. నాలుగు సాళ్లు కలిసి వచ్చినవి. ఆ సాళ్లలో పండిన పంట ఆ తీగ అప్పు తీర్చుటకు చాలలేదు. అటుపిమ్మట చేనిలో పురుగు హెచ్చినదా యని యడిగినచో, కంచె పోవుటవలననే హెచ్చినదని నేను ప్రమాణము చేయజాలను. వానలు వేఱు, విత్తనములు వేఱు, మందులు వేఱు. కాని ఒక్కటిమాత్రము కన్నులార చూచితిని. ఆ కంచెలో నుండిన సాలీటి గూళ్లు మరల రాలేదు. పిచ్చుకలు రాలేదు. తొండ కూడ కనబడలేదు. ఇనుపతీగమీద ఎవరు గూడు కట్టుదురు?

ఆ దినమున నేను చేసిన తప్పు కంచె తీయుటకంటె ముందే జరిగినది. అది 'వృథా నేల' యను మాట. ఈ మాట మనకు మాత్రమే చెందినది గాదు. లోకమంతట మనుష్యులు దున్నని నేలను చూచి ఇట్లే యనినారు. ఉత్తరాన యూరపు దేశములలో, కెనడాలో, రష్యాలో చల్లని బురదనేలలు కలవు. అచట స్ఫాగ్నమ్ అను నాచు నీటిలో పెరిగి, క్రిందిభాగము కుళ్లక యట్లే పేరుకొని, నల్లని మెత్తని నేలగా మాఱును. దానిని పీటు అందురు. అది ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగును. అనగా ఒక మీటరు మందము గట్టిపడుటకు వేయేండ్లు పట్టును. పైరు రాదు, పశువు దిగబడును. అందుచేత అచటివారు వానికి కాలువలు త్రవ్వి నీరు తీసి, పీటును ఇటుకలవలె కోసి ఎండబెట్టి పొయ్యిలలో కాల్చిరి.

అట్టి నేలలోను సాలీళ్ల కాపురములున్నవి. అవి మన కంచెమీదివానివలె ఒకే గూట నుండవు. ఒక యూరిలో వేఱు వేఱు వీధులలో నున్నట్లు ఒక్కొక్క జాతి ఒక్కొక్క అంతస్తున నుండును. డెన్మార్కు దేశమునందలి యొక నాచునేలను నోర్‌గార్డ్ అను శాస్త్రజ్ఞుడు పరిశీలించి 1951లో ప్రకటించెను. నాచుపైభాగము పగలు ఎండకు మిక్కిలి వేడెక్కి, రాత్రి మిక్కిలి చల్లబడును. కొద్దిగా లోపల కాడల నడుమ తేమయు, వేడియు ఇంచుమించు సమముగా నుండును. ఎండను ఓర్చు జాతి పైన తిరుగును. ఓర్వలేని జాతి కాడల నడుమ నుండును. కాని గ్రుడ్లు పొదుగుటకు వేడి కావలయును గదా! అపుడు లోపలి తల్లి తాను నీడలో నుండియే వెనుకభాగమును పైకెత్తి గ్రుడ్లసంచిని మాత్రము ఎండకు పట్టును. ఆ నేల ఎండిపోయినచో ఈ యేర్పాటంతయు కూలిపోవును. పీటు మట్టిలో ఎన్నో వేల యేండ్లుగా దాగియున్న బొగ్గుసారము గాలిలో కలసి భూమి తాపమును హెచ్చించుచున్నదని కూడ తరువాత తెలిసినది. ఐర్లండు ప్రభుత్వసంస్థ తన పీటు త్రవ్వకమును ముగించుచున్నట్లు 2021లో ప్రకటించినది. వృథా యని త్రవ్విన నేలయే పనికివచ్చునదని వారికి ఆలస్యముగా తోచినది.

మన యింటికి తిరిగి వత్తము. ముండ్లపొదల నేల వృథా గాదని మన కడప జిల్లాయే లోకమునకు చెప్పినది. కలివికోడి యను పక్షి 1900 తరువాత ఎవరికిని కనబడక అంతరించినదని యనుకొనగా, 1986లో సిద్ధవటము ప్రాంతపు పొదలలో సజీవముగా దొరకినది. దానికి దట్టమైన అడవి వలదు, పంటచేను వలదు. నడుమ నడుమ బయలు గల ముండ్లపొదయే కావలయును. దానికొఱకే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది.

సాలీళ్లలోను అట్టి కథ యొకటి నల్లమలలో నున్నది. 1899లో పోకాక్ అను ఆంగ్లేయ పండితుడు గుత్తిలో దొరకిన యొక పెద్ద సాలీటిని వర్ణించి పొయిసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టెను. అరచేయంత సాలీడు, నెమలికంఠమువలె నీలముగా మెఱయును. ఆ నీలము రంగుపూతవలన వచ్చినది గాదు. దాని వెండ్రుకల మిక్కిలి సూక్ష్మమైన కట్టడముపై వెలుతురు పడి చెదరుటవలన వచ్చినది. గుత్తి రైల్వే కలపదొడ్డిలో అది దొరకినదట. ఆ తరువాత నూఱేండ్లు దాని జాడ తెలియలేదు. తుదకు 2001లో నంద్యాలకును గిద్దలూరునకును నడుమనున్న నల్లమల అడవిలో పెద్దచెట్ల తొఱ్ఱలలో అది మరల కనబడినది. దాని సహజస్థానము ఆ కొండలే యనియు, కొట్టిన దుంగలతో రైలెక్కి గుత్తి చేరియుండుననియు పండితుల యూహ. చూచితిరా! చెట్టు నఱకువానికి అది దుంగ. దాని తొఱ్ఱలో నున్నదానికి అది యిల్లు.

ఆ సాలీడు నివసించు ప్రదేశము 100 చదరపు కిలోమీటర్లకైనను లేదు. అందుచే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు 2008లో దానిని అత్యంత ప్రమాదస్థితిలో నున్న ప్రాణిగా ప్రకటించిరి. కలపకును వంటచెఱకునకును చెట్లు కొట్టుట దానికి మొదటి యాపద. విదేశములలో వేడుకకై సాలీళ్లను పెంచువారి కొఱకు పట్టి యమ్ముట రెండవది. 2019లో ఈ తెగ సాలీళ్లన్నిటిని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒడంబడికలో చేర్చిరి. తెలియనివారు వచ్చి డబ్బిచ్చి తొఱ్ఱలు చూపుమన్నచో, అది మంచి బేరము గాదని అడవి యంచు గ్రామముల పెద్దలు తమ కుఱ్ఱవాండ్రకు చెప్పవలయును.

ఇక భయము మాట. సాలీడు ప్రాకినచో ఒంటిమీద పొక్కులు వచ్చునని మనలో గట్టి నమ్మకము కలదు. సుశ్రుతుడు కీటవిషములను గుఱించిన అధ్యాయములో లూతలను పదునాఱు విధములుగా చెప్పెను. సాలీటికి విషము లేదని నేను చెప్పను. నల్లమల నీలిసాలీడు కఱచినచో తీవ్రమైన నొప్పియు, కండరములు పట్టుటయు కలుగును. దానిని ముట్టుకొనరాదు. కంచెమీది సంఘసాలీళ్లవలన మాత్రము మనకు హాని లేదు. కాని నడుము చుట్టునో, రొమ్ముపైననో ఒక ప్రక్కనే పట్టెవలె మంటతో లేచు పొక్కులు సాలీడు ప్రాకుటవలన వచ్చునవి గావు. చిన్ననాట ఆటలమ్మ పోసినవారి శరీరమున ఆ రోగబీజము నరములలో నిద్రించి, ముసలితనమున బలము తగ్గినపుడు మేల్కొనుటచే అవి వచ్చును. మొదటి మూడు దినములలో వైద్యునికి చూపినచో మందు బాగుగ పనిచేయును. సాలీటిమీద నెపము వేసి పసరు పూయుచు కూర్చున్నచో, పొక్కులు మానినను నొప్పి నెలల తరబడి వేధింపవచ్చును. దీపము వెలుతురునకు వచ్చు ఒక సన్నని పురుగు మేనిమీద నలిగినను దాని రసముచే పొక్కులు వచ్చును. అదియు సాలీడు గాదు. మీ వయస్సువారు తప్పక గుర్తుంచుకొనవలసిన మాట గనుక ఇంత వివరముగ చెప్పితిని.

సాలీటివలన రైతునకు కలుగు మేలు ఎంత? లోకమునందలి సాలీళ్లన్నియు కలసి ఏడాదికి 40 కోట్ల టన్నుల మొదలు 80 కోట్ల టన్నులవఱకు పురుగులను తినుచున్నవని 2017లో ఇద్దఱు శాస్త్రజ్ఞులు లెక్క గట్టిరి. సాలీడు మనకు మిత్రమని తెలిసి మన పురుగును మాత్రమే యేఱి తినదు. దాని వలలో మిడుతయు పడును, ఱెక్కల పురుగును పడును, ఒక్కొకప్పుడు తేనెటీగయు పడును. అయినను ప్రత్తిచేనిలో, వేరుసెనగలో, కందిలో పురుగు పుట్టకముందే వచ్చి కాచుకొని యుండు కావలివాడు అదియే. మందు కొట్టినపుడు మొదట చచ్చునది ఈ కావలివాడు. పంటపురుగు నెలకొక తరము పెరిగి మరల వచ్చును. సాలీడు అంత వేగముగ పెరుగజాలదు. ఆ నడుమ వచ్చు పురుగును ఆపువాడు లేక మరల మందు, మరల అప్పు. ఆదోని బజారులో ప్రత్తి యమ్మి, ఆ సొమ్ములో ఎంత మందుల దుకాణమునకు పోయినదో లెక్క చూచుకొన్న ప్రతి రైతునకు ఈ చక్రము తెలిసినదే. మన రాష్ట్రమున 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమము ఈ చక్రమును త్రెంచుటకే యత్నించుచున్నది.

ఈ సీమలో ఎమ్మిగనూరు నేతగాండ్ర సంగతి మీరెఱుగుదురు. ఒక్కొక్కడుగా నున్నపుడు నూలుకును గతిలేనివారు 1938లో మాచాని సోమప్పగారి పూనికతో సహకారసంఘముగా కూడి నిలదొక్కుకొనిరి. కాని ఆ సంఘమునకు నూలు, అంగడి రెండును బయటినుండియే రావలసి వచ్చినవి. సంఘము గొప్పదే, దానిని పోషించు పరిసరము లేనిచో అది నిలువదు. కంచెమీది సాలీటి సంఘమును అంతియే. దానికి కావలసిన పరిసరము ఒక ముండ్లపొద. దానిని ఉంచుటయు, తీయుటయు మీ చేతిలో నున్నది.

కావున నేను కోరునవి పెద్ద కార్యములు గావు. కంచె మొత్తమును ఉంచుడని అప్పులలో నున్న రైతుతో చెప్పుటకు నాకు అధికారము లేదు. చేని నాలుగు ప్రక్కలలో ఒక ప్రక్కనైనను పాతకంచెను నిలుపుడు. గట్టు తగులబెట్టవలసి వచ్చినచో ఒకే దినమున అంతయు తగులబెట్టక, ఈ యేడు సగము, వచ్చు నేడు సగము చేయుడు. కాలని సగమునుండి ప్రాణులు కాలిన సగమునకు మరలి వచ్చును. మందు కొట్టుటకు ముందు ఆకు త్రిప్పి చూచి, పురుగులెన్ని, సాలీళ్లెన్ని యని లెక్కింపుడు. పోరంబోకు ముండ్లపొదలను ఎవరైన దున్నుటకు గాని, కొట్టుటకు గాని పంచాయతీ యనుమతి కోరినపుడు అది వృథా నేల యను మాటను వెంటనే ఒప్పుకొనక ఒక్క సాయంకాలము అచటికి పోయి చూచి రండు. నల్లమల యంచున నున్నవారు తొఱ్ఱలు గల ముసలి చెట్టును చివరివఱకు ఉంచుడు.

నేను తీసివేసిన మూడు ప్రక్కలలో ఒక ప్రక్క కంచెను మూడేండ్ల క్రిందట మరల నాటితిని. ఱేగు మొలచినది, బలుసు ఇంకను మోకాలెత్తే యున్నది. సాలీటి గూడు ఇంకను రాలేదు. పొరుగుచేని కంచెలో ఒకటి యున్నది. అచటినుండి ఏనాటికైన ఒక తల్లి దారము పట్టుకొని యిటు వచ్చునేమో యని ప్రొద్దుగూకువేళ పోయి చూచుచున్నాను. మీ చేలలో ఆ గూళ్లు ఇంకను ఉన్నవారు నాకంటె భాగ్యవంతులు. రేపు కఱ్ఱ యెత్తునపుడు ఈ మాట తలచుకొనుడు.

సెలవు.